మంచె గొంతు

ఇటు తిరిగి పడుకో. ఆ దుప్పటి సరిగ్గా కప్పుకో. ఇవాళ నాకు నీ మీద కోపంగా ఉంది, కోపంగానే కథ చెబుతాను, ఊఁ కొట్టు. పొద్దున ఉల్లిపాయలమ్మే ఆవిడ వీధిలో కేకేస్తే, నువ్వు గుమ్మంలో నిలబడి గొంతు బొంగురు చేసి ఆవిణ్ణి వెక్కిరించావా లేదా? ఆవిడ వినలేదనుకున్నావేమో. విన్నది. నేనూ విన్నాను.

అనగనగా, నల్లరేగడి నేలల్లో, జొన్నచేల నడుమ ఒక ఊళ్ళో సుంకులమ్మ అని ఒకావిడ ఉండేది. మొగుడు పోయాడు. ఈరమ్మ అని ఒక చిన్న కూతురు. సుంకులమ్మ పని ఏమిటంటే, మంచె మీద నిలబడి ఊరందరి చేలకీ పిట్టలు తోలడం. మంచె అంటే తెలుసుగా? నాలుగు గుంజలు పాతి, పైన కర్రలు పరిచి, నీడకి చొప్ప కప్పుతారు. దాని మీద నిలబడితే చేలన్నీ కనపడతాయి, చేల అవతల వాగు కూడా కనపడుతుంది.

కంకి పాలు పోసుకుంటే చాలు, చిలకలు మందలు మందలుగా దిగేవి. అప్పుడు సుంకులమ్మ వడిసెలలో రాయి పెట్టి గిరగిరా తిప్పి విసిరేది, గొంతెత్తి "హోయ్!" అని అరిచేది. తెల్లారగట్ల మొదలుపెడితే దీపాల వేళ దాకా అదే అరుపు. చిన్నప్పుడు వాళ్ళమ్మ పక్కన నిలబడి అరిచింది. ఆ తర్వాత వాళ్ళమ్మ పోయింది, ఒక్కతే అరిచింది. కోతలయ్యాక ఊళ్ళోవాళ్ళు ఇంటికింత అని ఆవిడకి జొన్నలు పోసేవాళ్ళు. తల్లీకూతుళ్ళకి ఏడాదంతా అదే తిండి.

అలా అరిచి అరిచి ఆవిడ గొంతు పాడైపోయింది. అప్పుడు ఊళ్ళోవాళ్ళు ఏమన్నారు? బొంగురు గొంతన్నారు. గరగర గొంతన్నారు. పగిలిన కుండ మోగినట్టుందన్నారు. ఇవన్నీ జొన్నరొట్టె నములుతూనే అన్నారు చూడు! ఆ గొంతు పోబట్టే ఆ రొట్టె తమ కంచంలోకి వచ్చిందని ఒక్కరికీ తోచలేదు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

గొంతు ఒక్కటేనా, మాట తీరుకీ పేర్లు పెట్టారు. మంచె మీద పొడుగు మాటలకి తీరికెక్కడిది? "ఓ చిలకమ్మా" అని నువ్వు రాగం తీసేలోపు అది కంకి సగం ఒలిచేస్తుంది. అందుకని సుంకులమ్మ మాటలన్నీ పొట్టివి. లే! పో! ఆగు! జరుగు! ఇంటికొచ్చినా అదే అలవాటు. కూతురి ముందు కంచం పెట్టి "తిను" అనేది. చాప పరిచి "పడుకో" అనేది. ఈరమ్మకి ఆ మాటల్లో ముద్దే వినపడేది. ఊరికి మాత్రం పెడసరం వినపడింది. దురుసు మనిషి అన్నారు, మొరటుది అన్నారు, అన్నీ పుల్లవిరుపు మాటలే అన్నారు.

చివరికి ఉన్న పేరు కూడా తీసేసి "బొంగురుసుంకి" అని పిలిచారు. తనని అన్నన్నాళ్ళూ సుంకులమ్మ పట్టించుకోలేదు. అయితే ఒకరోజు ఈరమ్మ నీళ్ళకి వెళ్ళి ఏడుస్తూ వచ్చింది. అక్కడ ఎవరో "బొంగురుదాని కూతురా, పక్కకి పో" అన్నారట. అప్పుడు సుంకులమ్మ కడుపులో నిప్పు రాజుకుంది. ఆ నిప్పు ఇక ఆరలేదు.

ఆ ఊరికి పెద్ద మునసబు నాగభూషణం. ఆయన మాట వెన్నపూస. మెత్తగా, తాపీగా, "అండీ" లేకుండా నోరు విప్పేవాడు కాదు. కానీ ఆ అండీలు ఎవరికి? తనకన్నా గొప్పవాళ్ళకి. పనివాళ్ళకి మాత్రం అదే మెత్తని గొంతుతో "ఏమే" అనీ "ఏమిరా" అనీ వడ్డించేవాడు. మెత్తగా అన్నాడు కాబట్టి అది మర్యాదే అని ఆయన నమ్మకం.

ఒకనాడు ఆయన పట్నం నుంచి వచ్చిన వియ్యంకుణ్ణి వెంటబెట్టుకుని చేలగట్టు మీదికి వచ్చాడు. సరిగ్గా అప్పుడే చిలకల మంద దిగింది. సుంకులమ్మ వడిసెల తిప్పి వదిలింది. రాయి పోయాక చూసింది, గట్టు మీద ఇద్దరు మనుషులు.

"వంగు!" అని అరిచింది.

వంగితే ఏ గొడవా లేదు. కానీ పిట్టలు తోలే మనిషి వంగమంటే వియ్యంకుడి ముందు మునసబు వంగుతాడా? ఇంకా నిటారుగా నిలబడ్డాడు. వంగబోయిన వియ్యంకుణ్ణి కూడా రెక్క పట్టుకుని ఆపాడు. రాయి రయ్యిమని వచ్చి వియ్యంకుడి తలపాగా లేపుకుపోయి బురదగుంటలో పడేసింది. తలకి మాత్రం ఏమీ కాలేదు.

ఆ తర్వాత మునసబు ఊళ్ళో టముకు వేయించాడు. "బొంగురుసుంకి ఇక మీదట గొంతు పెంచకూడదహో! ఎవరితో మాట్లాడినా, దేనితో మాట్లాడినా, మెల్లగా, గారు పెట్టి, అండీ చేర్చి మాట్లాడాలహో! తప్పితే మంచె దిగాలి, జొన్నలు ఉండవహో!" ఈ మాట చెప్పడానికి ఆ టముకువాడు గొంతు చించుకున్నాడు. వాణ్ణి మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.

"ఎవరితో" అని ఊరుకుంటే సరిపోయేది. దర్జా కోసం "దేనితో" అని కూడా చేర్పించాడు చూడు, అదే ఆయన కొంప ముంచింది.

సుంకులమ్మకి ఏడుపు రాలేదు. పళ్ళు పటపటలాడించింది. మంచె దిగితే కూతురికి కూడు ఉండదు. మంచె ఎక్కితే నోరు కట్టుకోవాలి. రాత్రి పొయ్యి ముందు కూర్చుని బాగా ఆలోచించింది. "అట్నే కానీ. వాళ్ళ మాటే నిలబెడతా" అంది ఈరమ్మతో.

మర్నాడు చిలకలు దిగాయి. సుంకులమ్మ మంచె అంచున చేతులు కట్టుకుని నిలబడి, ముద్దబంతి పువ్వులాంటి నవ్వొకటి పెట్టి, మెల్లగా అంది, "చిలకగారూ, తమరు కాస్త లేవండి." చిలకగారు లేవలేదు. పక్క చిలకల్ని కూడా పిలుచుకున్నారు. సాయంత్రానికి తూర్పు చేలో కంకులన్నీ బోసిపోయాయి.

రైతులు మంచె కిందికి పరిగెత్తుకొచ్చారు. "ఏమే సుంకీ, అరవ్వేమే?" అన్నారు.

"చెప్పానండీ. వారు వినలేదండీ," అంది పైనుంచి. ఆ గరగర గొంతులో ఆ అండీలు వింటుంటే వాళ్ళకి ఒళ్ళు జలదరించింది. మునసబు దగ్గరికి పోయి మొత్తుకున్నారు. ఆయన మాత్రం "మెల్లగా చెబితే పిట్టకైనా కొన్నాళ్ళకి అలవాటవుతుంది" అన్నాడు. టముకు వేయించిన మాట వెనక్కి తీసుకుంటే పరువేం కావాలి?

ఆ తర్వాత బర్రెలు పడ్డాయి. ఎవరివో కావు, మునసబు బర్రెలే, మునసబు చేలోనే. సుంకులమ్మ చూసింది. ఒక్క కేక వేస్తే అవి గట్టు దాటేవి. కేక వెయ్యలేదు. "బర్రెగార్లూ, మునసబుగారి చేను తిన్నది చాలండీ, ఇంటికి దయచేయండీ" అంది. బర్రెగార్లు తోకలు ఊపుకుంటూ చేనంతా తొక్కి, కడుపు నిండాక అక్కడే పడుకుని నెమరు వేశారు. మునసబు పెళ్ళాం నెత్తీ నోరూ కొట్టుకుంది. ఆయన మాత్రం అప్పటికీ టముకు మాట మార్చలేదు.

నవ్వుతున్నావా? నవ్వు. సుంకులమ్మ మాత్రం నవ్వలేదు. తను కాపు కాసిన గింజ తన కళ్ళ ముందే పోతోంది. ఊరికి గింజ లేకపోతే తనకీ లేదు. అయినా కోపం ఆవిణ్ణి నోరు తెరవనివ్వలేదు.

మూడోది ఇంకా పెద్దది. ఒకనాడు మధ్యాహ్నం ఊళ్ళో ఫెళ్ళున ఎండ, దూరాన కొండల మీద మాత్రం కారుమబ్బు. మునసబు సంత నుంచి ఎద్దులబండి తోలుకుని ఒక్కడే వస్తున్నాడు. వాగు ఎండిపోయి ఉంది, ఇసకే. నడివాగులో చక్రం దిగబడింది. ఆయన దిగి, పై కొండల వైపు వీపు పెట్టి, వంగి ఇసక తోడుతున్నాడు.

అప్పుడు సుంకులమ్మ మంచె మీది నుంచి చూసింది. పైనుంచి వాగులో ఎర్రటి నీళ్ళు దొర్లుకుంటూ వస్తున్నాయి, ముందర చెత్తా చెదారం, కొట్టుకొచ్చిన చెట్లు. వంగినవాడికి అది కనపడదు.

ఆవిడ నోరు తెరిచింది. "మునసబుగారండీ," అంది మెల్లగా. "నీళ్ళు వస్తున్నాయండీ. తమరు కాస్త గట్టెక్కండీ."

ఆ మాట మంచె దిగి కిందికైనా రాలేదు. మెల్లగా చెప్పమన్నాడు, చెప్పాను, వినపడకపోతే ఆ తప్పు నాదా, అనుకుంది. నీ దగ్గర దాపరికం ఎందుకు, ఆవిడ నిజంగానే అలా అనుకుంది. ఈరమ్మ ఏడ్చుకుంటూ వచ్చిన ముఖం కళ్ళ ముందు ఆడింది. పోతే పోనీ అనుకుంది.

అంతలో ఎద్దుల్ని చూసింది. కాడికి కట్టేసిన రెండు మూగజీవాలు, ఏమీ తెలియకుండా తలలూపుతూ నిలబడ్డాయి. ఎద్దులేం పాపం చేశాయి? అవెప్పుడైనా బొంగురన్నాయా?

అప్పుడు ఆవిడ గొంతులోంచి వచ్చింది చూడు కేక! అన్నాళ్ళు మింగిన అరుపంతా ఒక్కసారి తన్నుకొచ్చింది.

"ఒరేయ్ నాగభూషణం!"

చేలన్నీ అదిరాయి. వాగు గట్లు మారుమోగాయి. మునసబు అదిరిపడి నడుమెత్తాడు. ప్రాణభయంతో కాదు, ఉక్రోషంతో! తనని, మునసబుని, ఒరేయ్ అని పిలిచేదెవరు? కళ్ళెర్రజేసి కేక వచ్చిన వైపు గిర్రున తిరిగాడు. "ఎవుర్తే అది, నన్ను ఒరే అన్నది?"

మంచె ఉన్నది వాగు పై దిక్కున. అటు తిరిగాడు కాబట్టి నీళ్ళు చూశాడు. మర్యాదగా పిలిచి ఉంటే ఆ తలకాయ తిరిగేది కాదు, తిట్టే తిప్పింది.

"కాడి ఇప్పురా! ఎద్దుల్ని వదులు! తోక పట్టుకో!" అని సుంకులమ్మ అరుస్తూనే ఉంది. ఆవిడ అన్నవన్నీ ఆయన చేశాడు. కాడి విప్పాడు, ఎద్దుల్ని అదిలించాడు, తోక పట్టుకున్నాడు. ఎద్దులు గట్టెక్కాయి, వాటి వెంట ఆయనా గట్టెక్కాడు. బండి మాత్రం చక్రాలు పైకి తేలి కొట్టుకుపోయింది.

ఇక ఆవిడ కాళ్ళు కడుగుతాడు అనుకుంటున్నావా? విను మరి. మర్నాడు చావడి దగ్గర ఊరందరినీ కూర్చోబెట్టి, గొంతు సవరించుకుని మెత్తగా చెప్పాడు. "బొంగురుసుంకి నన్ను అందరూ వినేట్టు ఒరే అంది. అయినా ప్రాణం కాపాడింది కాబట్టి ఆ తప్పు క్షమించేస్తున్నాను."

ఊరంతా ఆహా ఏం మర్యాద అని తలలూపింది. సుంకులమ్మ లేచింది.

"తప్పా?" అంది. అంతే. చేతిలోని వడిసెల ఆయన ఒళ్ళో పడేసింది. "నువ్వెక్కు మంచె. అండీ అని తోలు." కూతురి చెయ్యి పట్టుకుని ఇంటికెళ్ళి తలుపేసుకుంది.

చిలకలు ఆగుతాయా? మిగిలిన పడమటి చేను కాస్తా పోతే ఊరికి ఏడాది పస్తే. మంచె ఎక్కడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు. చివరికి మునసబే ఎక్కాల్సి వచ్చింది. ముందు దగ్గాడు. ఆ తర్వాత "లేవండీ" అన్నాడు. ఆ తర్వాత "లే" అన్నాడు. ఆ తర్వాత "హోయ్" అని గొంతు చించుకున్నాడు. నడినెత్తిన ఎండ, గుక్కెడు నీళ్ళకి దిగుదామంటే మంద కాచుకుని ఉంది. పొద్దు వాలేసరికి ఆ వెన్నపూస గొంతు కాస్తా చిరిగిన డప్పు అయింది.

అలాగే నడిచి సుంకులమ్మ గుమ్మం ముందుకొచ్చి పిలిచాడు. ఈరమ్మ తలుపు సందులోంచి విని లోపలికి పరిగెత్తింది.

"అమ్మా, ఎవరో బొంగురు గొంతాయన వచ్చినాడు!"

బయట మునసబు తల మీద నీళ్ళ కుండ కుమ్మరించినట్టయింది. ఆ మాట వినడం ఎలా ఉంటుందో ఆయనకి అప్పుడు తెలిసింది.

సుంకులమ్మ బయటికి వచ్చింది. కోపం ఏమీ తగ్గలేదు. ముందు కూతుర్నే కసిరింది.

"ఆ మాట అనగాకు. అది బొంగురు గాదు, మంచె గొంతు. ఆయనది ఒక్క పొద్దుది. నాది ఈ ఊరు తిన్న జొన్నలన్నిటిదీ."

మునసబు రెండు చేతులతో వడిసెల పట్టుకుని ముందుకు చాపాడు. గరగరలాడే గొంతుతో, ఆ ఊళ్ళో అంతకుముందు ఎవరూ అనని మాట అన్నాడు.

"మంచె ఎక్కండి, సుంకులమ్మగారూ."

ఆవిడ వడిసెల తీసుకుంది. ఆయన ఇంకా గుమ్మానికి అడ్డంగానే ఉన్నాడు.

"జరుగు," అంది.

ఆయన జరిగాడు.

ఆ ఊళ్ళో ఇప్పటికీ గొంతు పగిలినవాళ్ళని బొంగురు అనరట. మంచె గొంతు అంటారట. ఏమిటీ, నా కోపం పోయిందా అంటావా? సగం పోయింది. మిగతా సగం రేపు ఉల్లిపాయలావిడ వచ్చినప్పుడు నువ్వు గుమ్మంలో ఎలా నిలబడతావో చూసి పోగొట్టుకుంటాను. కళ్ళు మూసుకో. తిన్నగా పడుకో. చెప్పు నాతో పాటు:

కంకి పోయె గాదెకి,
చిలక పోయె గూటికి,
బండి పోయె ఏటికి,
వెక్కిరింత మట్టికి,
కథ పోయె కంచికి,
మనం వస్తిమి ఇంటికి.