ఆదెమ్మ తాబేటి పీట

అనగనగా అనగానే మీరంతా రాజుగారి కోసం చూస్తారు. ఈ కథలో రాజుగారు లేరు. ఒక సరస్సు ఉంది, సరస్సు నిండా లంకలున్నాయి, ఆ లంకల మధ్య దోనె మీద తిరిగే ఒక మంత్రసాని ఉంది, ఆ మంత్రసానికి ఒక నడుంనొప్పి ఉంది. కథంతా ఆ నొప్పితోనే మొదలైంది.

ఆమె పేరు ఆదెమ్మ. ఆ లంకల్లో పుట్టిన పిల్లలు అమ్మ మొహం కంటే ముందు ఆదెమ్మ మొహమే చూసేవారు. ఏ లంకలో ఏ ఇల్లాలికి నొప్పులు మొదలైనా ఆమెకు కబురు వచ్చేది. కబురు అందగానే ఆదెమ్మ కషాయాల సంచి భుజాన వేసుకుని, దోనెను నీళ్ళలోకి తోసి, తెడ్డు అందుకునేది. అది బూరుగు మాను తొలిచి చేసిన చిన్న దోనె. అందులో ఒక్క మనిషికే చోటు. రెండో మనిషి ఎక్కితే ఇద్దరూ ఈదుకుంటూ పోవలసిందే.

ఆ సరస్సు నట్టనడుమ పెద్ద మట్టిగట్టు ఒకటి ఉండేది. ఇటువైపు మంచినీళ్ళు, అటువైపు ఉప్పునీళ్ళు. రెండూ కలిసిపోకూడదని ఏనాటి పెద్దలో కట్టించారు. అవతలి లంకలకు వెళ్ళాలంటే దోనె దిగి, దాన్ని గట్టు మీదుగా మోసి, మళ్ళీ నీళ్ళలో దించుకోవాలి. అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు.

అందుకే అక్కడ ఒక ఆచారం ఉండేది. దోనె ఒడ్డుకు తగలగానే గట్టు మీద ఎవరుంటే వాళ్ళు వచ్చి భుజం పట్టేవారు. రమ్మని పిలిచేవాళ్ళు లేరు. పట్టినందుకు దండాలు పెట్టేవాళ్ళూ లేరు. తన దోనె దాటించుకున్న మనిషి కాసేపు అక్కడే ఆగి, తర్వాత వచ్చిన వారికి భుజం పట్టి, తన దారిన తాను వెళ్ళేవాడు. ఎవరు ఎవరికి చేశారో ఎవరూ గుర్తుపెట్టుకునేవారు కాదు.

ఇలా ఏళ్ళు గడిచాయి. ఆదెమ్మకు వయసు మీద పడింది. దోనె అడుగున గొంతుక్కూర్చుని, ఊరిన నీళ్ళలో తడుస్తూ, తెడ్డు వేసి వేసి ఆమె నడుం పట్టేసింది. ఒడ్డున దిగితే నిటారుగా నిలబడడానికే ఎంతోసేపు పట్టేది. కాన్పు చేయవలసిన మనిషినే ఇద్దరు పట్టుకుని ఇంట్లోకి నడిపించవలసి వచ్చేది.

ఈ వానాకాలం దాటితే ఇక తెడ్డు పట్టలేనని ఆమె ఒకనాడు అనేసింది. ఆ మాట విని లంకల్లోని ఆడవాళ్ళ గుండెల్లో రాయి పడింది. ఆ చుట్టుపక్కల మరో మంత్రసాని లేదు. ఆదెమ్మకు మాత్రం దిగులు కాదా? ఆమె ఒక్కగానొక్క కూతురు నూకాలు కాపురం గట్టు అవతల చిట్టచివరి లంకలో. ఆ పిల్లకు నెలలు నిండుతున్నాయి.

ఆదెమ్మ మరిది వడ్రంగి. వదినగారి అవస్థ చూడలేక ఎత్తుగా, దర్జాగా ఒక కర్రపీట చేసి దోనెలో బిగించాడు. ఆదెమ్మ దాని మీద మహారాణిలా కూర్చుని తెడ్డు వేసింది. ఎత్తు ఎక్కువైన దోనె అటూ ఇటూ ఊగి, ఆమెను సంచితో సహా నీళ్ళలో పారేసింది. ఒడ్డున ఉన్న పిల్లలు పడీపడీ నవ్వారు. ఆదెమ్మ కూడా మొహం తుడుచుకుని వాళ్ళతోపాటు నవ్వింది.

ఆ తర్వాత ఒక దొరసాని బూరుగుదూది పరుపు కుట్టించి పంపింది. ఆమె కవలలకు పురుడు పోసింది ఆదెమ్మే. మొదటిరోజు ఆ పరుపు మీద నడుముకు ప్రాణం లేచివచ్చింది. మర్నాటికి దూది దోనెలోని నీళ్ళన్నీ తాగి గేదెదూడంత బరువెక్కింది. ఆ మర్నాటికి కంపు కొట్టడం మొదలుపెట్టింది. ఇద్దరి మనసూ మంచిదే. నడుం మాత్రం ఎక్కడి నడుం అక్కడే ఉంది.

ఆ సాయంత్రం ఆదెమ్మ గట్టు మీద కూలబడి ఉసూరుమంటుంటే, తుంగదుబ్బుల్లోంచి ఒక ముసలి తాబేలు మెల్లగా బయటికి వచ్చింది. ఒకప్పుడు అది వలలో చిక్కుకుంటే ఆదెమ్మే తాళ్ళు కోసి వదిలిపెట్టింది. తాబేలు మాట తాబేలు నడకలాంటిదే. ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య ఒక కునుకు తీయవచ్చు.

"తల్లీ," అంది తాబేలు, "నీటిలో ఉన్నప్పుడు నేను నా డిప్పలో పడుకుంటాను. నేల మీద నా డిప్ప నా వీపున పడుకుంటుంది. ఉన్నది ఒకటే డిప్ప. నీళ్ళకు ఎంత అణిగి ఉంటే అంత సుఖం."

చెప్పి, తలకాయ లోపలికి లాక్కుంది. నీళ్ళలో తనను మోసేదీ, నేల మీద తాను మోసేదీ ఒకటే పీట కావాలని ఆదెమ్మకు తట్టింది. తర్వాత నడుం పట్టుకుని లేచి, చాపలు అల్లే మంగాయి ఇంటికి నడిచింది.

ఇద్దరూ కూర్చుని కట్టారు, విప్పారు, మళ్ళీ కట్టారు. చివరికి వెదురుబద్దల చట్రం మీద ఎండిన జమ్ముగడ్డితో అల్లిన పీట ఒకటి తయారైంది. అది దోనె అడుగుకు నాలుగు వేళ్ళ ఎత్తు మాత్రమే ఉంటుంది. ఊరిన నీళ్ళు దాని కిందనుంచి పోతాయి, అల్లికలోంచి గాలి ఆడుతుంది. వీపు ఆనుకోవడానికి వెనక వంపు తిరిగిన అల్లిక ఉంది. నాలుగు మూలలా కొబ్బరితాడు ఉచ్చులు వేసి దోనె అంచులకు కట్టారు. ఆ వంపు అల్లిక పై అంచున గడ్డి కుక్కిన మెత్తలు రెండు కుట్టారు. బిందె మోసేటప్పుడు నెత్తిన పెట్టుకునే చుట్టకుదుళ్ళ వంటివే అవి. దోనె బోర్లించి తల మీదికి ఎత్తుకుంటే, మెత్తలు రెండు భుజాల మీదా కుదురుగా కూర్చుంటాయి; బరువు సమంగా పంచుకుపోయి ఒక్క మనిషే మోయవచ్చు.

మర్నాడు గట్టు మీది జనం ఒక వింత చూశారు. ఒక దోనె రెండు కాళ్ళతో నడిచిపోతోంది. దోనె కిందనుంచి ఆదెమ్మ నవ్వు వినిపిస్తోంది. ఆ రోజునుంచి అందరూ దాన్ని తాబేటి పీట అన్నారు.

ఆదెమ్మ సంతోషం అంతా ఇంతా కాదు. ఎంత దూరం తెడ్డు వేసినా నడుం నొప్పి లేదు. చేతిలో మళ్ళీ పాత చురుకు వచ్చింది. రోజూ తెల్లవారగానే పీటకు పసుపు రాసి, బొట్టు పెట్టి, దోనెకు దండం పెట్టేది. పెరట్లో కాసిన మొదటి దోసకాయ మంగాయికి ఇచ్చింది. తాబేలుకు లేత తోటకూర తెచ్చిపెట్టేది. నా అంత అదృష్టవంతురాలు ఈ లంకల్లో లేదని అందరితోనూ చెప్పుకునేది.

అయితే ఒక చిన్న సంగతి జరిగింది. అది ఎంత చిన్నదంటే ఆదెమ్మకే తెలియలేదు.

ఒకరోజు గట్టు దగ్గర కుమ్మరి పేరమ్మ కుండల దోనెతో నిలబడి ఉంది. ఆదెమ్మ ఆగేదే, కాని అవతల ఒక ఇల్లాలు నొప్పులు పడుతోంది. తల వంచుకుని తన దోనెతో దాటిపోయింది. అది నిజంగా తొందరే. మరోరోజు వలల వెంకన్న తాత ఆమెకేసి చూస్తూ ఒడ్డున కూర్చున్నాడు. ఆనాడు ఆమె వెళుతున్నది బాలింతకు కాయం మందు ఇచ్చిరావడానికి. అది కాస్త తొందర. ఇంకోరోజు ఉప్పు అమ్మే గవరయ్య నిండు దోనెతో ఎదురుచూస్తున్నాడు, ఆకాశం మబ్బు పట్టి ఉంది. ఆనాడు ఆదెమ్మకు ఏ తొందరా లేదు. ఇంటికి వెళ్ళి అన్నం తిందామని పోతోంది. ఎవరో ఒకరు పట్టుకుంటారులే అనుకుంది.

ఆదెమ్మ అంతటి మనిషే ఆగకపోతే మనమెందుకు ఆగాలని మిగిలినవాళ్ళూ అనుకున్నారు. ఎవరో ఒకరు పట్టుకుంటారులే అని అందరూ అనుకున్నాక ఇక ఎవరున్నారు పట్టడానికి? గవరయ్య ఒడ్డున నిలబడి ఉండగానే వాన కురిసింది. ఉప్పంతా అతని కళ్ళ ముందే కరిగిపోయింది.

ఆదెమ్మ ఆ కబురు విని అయ్యో అనుకుంది. ఎప్పటిలాగే తాబేలుకు తోటకూర తీసుకువెళ్ళింది. తాబేలు ఆకు ముట్టలేదు.

"రోజూ పసుపు రాస్తున్నావు పీటకు," అంది. "మరి ఇన్నేళ్ళు నిన్ను గట్టు దాటించింది పీటా?"

ఆదెమ్మకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఇంటికి వెళ్ళినా అన్నం సహించలేదు.

ఆ తెల్లవారే అల్లుడి దగ్గరనుంచి కబురు వచ్చింది. నూకాలుకు నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగింది.

ఆదెమ్మ తెడ్డు ఎలా వేసిందో ఆమెకే తెలియదు. గట్టు చేరి, దోనె భుజాలకెత్తుకుని, జోరువానలో గబగబా ఎక్కింది. మట్టి జారింది. దోనె ఒక పక్క, ఆమె ఒక పక్క పడ్డారు. లేవబోతే పాదం నేల మీద ఆనలేదు. చీలమండ బెణికి అప్పుడే పొంగుతోంది.

గట్టు మీద మనుషులు లేకపోలేదు. పేరమ్మ ఉంది, వెంకన్న తాత ఉన్నాడు, ఖాళీ దోనె పక్కన గవరయ్య ఉన్నాడు, ఇంకా నలుగురైదుగురు ఉన్నారు. అందరూ చూస్తున్నారు. ఆదెమ్మకు సాయమెందుకు, ఆవిడకు తాబేటి పీట ఉంది కదా అన్న అలవాటు వాళ్ళ కాళ్ళను పట్టుకుంది. ఆదెమ్మ వాళ్ళ వంక చూసింది. ఆ గట్టు మీద సాయం అడగడం ఎవరికీ తెలియదు. ఏనాడూ అడగవలసిన అవసరం రాలేదు. అడగకుండానే వచ్చిన భుజాలన్నీ అప్పుడు ఆమెకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. పాదం నొప్పికి రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

"గవరయ్యా," అంది, "నీ ఉప్పు కరిగిపోయింది నా మూలానే. ఆ రోజు నేను ఆగుంటే కరిగేది కాదు. నిన్ను అడిగే మొహం నాకు లేదు. కానీ అడుగుతున్నాను నాయనా, నా కూతురికి భుజం పట్టవా?"

గవరయ్య అప్పటికే దోనె తోసే గెడ అందుకున్నాడు.

"ఉప్పు మళ్ళీ పండుద్ది అత్తా. నేను పుట్టింది నీ చేతుల్లోనే అని మా అమ్మ రోజూ చెప్పుద్ది. ముందు నూకాలు సంగతి సూద్దాం, నువ్వా పీట మీద కూచో."

పీటను దోనెనుంచి విప్పాడు. దాని ఉచ్చుల్లోంచి ఇటొకటి అటొకటి గెడలు దూర్చాడు. ఆదెమ్మను దాని మీద కూర్చోబెట్టి, ముందు గవరయ్య, వెనక పేరమ్మ పల్లకీలా ఎత్తారు. వెంకన్న తాతా మిగిలినవాళ్ళూ దోనెకు భుజం పట్టారు. వానలో, బురదలో, ఒకరినొకరు అదిలించుకుంటూ గట్టు దాటారు. ఆదెమ్మ దారి పొడుగునా ఒక్కొక్కరి మొహమే చూస్తూ కూర్చుంది. అందరూ తన చేతుల మీద పుట్టినవాళ్ళో, తన చేతుల మీద పిల్లల్ని కన్నవాళ్ళో. వెంకన్న తాత ఒక్కడే ఆ లెక్కలోకి రాడు. ఆయన మాత్రం ఆదెమ్మ పెళ్ళికూతురిగా ఈ గట్టు దాటిననాడు ఆమె దోనెకు భుజం పట్టాడు.

అవతలి నీళ్ళలో దోనె దించి, పీట బిగించి, ఆదెమ్మను అందులో దింపారు. పాదం పనిచేయకపోయినా వీపుకు ఆనిక ఉంది, చేతుల్లో సత్తువ ఉంది. ఆమె తెడ్డు వేసింది. ఒడ్డునుంచి అల్లుడు ఎత్తుకుని నూకాలు దగ్గరికి చేర్చేసరికి ఇంకా సమయం మించిపోలేదు. ఆ చేతులు ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న పనే మళ్ళీ చేశాయి. బిడ్డ సరిగ్గా తిరిగింది. మధ్యాహ్నానికి వాన వెలిసింది, ఇంట్లో కేరుమన్న ఏడుపు వినిపించింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం.

ఆదెమ్మ మంగాయి చేత ఇంకా కొన్ని తాబేటి పీటలు అల్లించింది. వాటిని గట్టు మీది పాకలో, ఎవరైనా తీసుకునేలా వేలాడదీసింది. గట్టు మీద మనిషి లేనప్పుడే పీట మెత్తలు భుజానికి ఎక్కాలని, మనిషి ఉంటే మనిషి భుజమే పట్టాలని అందరికీ చెప్పింది. పాదం నయమయ్యేదాకా తానూ ఆ పాక ముందే కూర్చుంది. మొయ్యడం తన వల్ల కాదు కదా, అందుకని దోనె వచ్చినప్పుడల్లా కుంటుకుంటూ లేచి వెళ్ళి, ఒక చెయ్యి దానికి ఆనించి నాలుగడుగులు వేసేది. ఆ చెయ్యి వల్ల దోనె బరువు ఏమీ తగ్గేది కాదు. అయినా మోసేవాళ్ళు ఆమె చెయ్యి పడేదాకా ఆగేవారు.

గవరయ్య కొత్త ఉప్పుతో వచ్చిన రోజున అందరికంటే ముందు లేచింది ఆదెమ్మే. ఆ రోజు తాబేలు కూడా దుబ్బుల్లోంచి వచ్చి తోటకూర తిన్నది.

పిల్లలూ, మేలు చేసినవారికి దండం పెట్టడం మంచిదే. కానీ మనకు అందిన మేలును మరొకరికి అందించినప్పుడే ఆ దండం చేరవలసినచోటికి చేరుతుంది.