చిలక తోక

అడిగిన ప్రశ్నకి తాయారమ్మగారు సమాధానం చెప్పరు, పని చెబుతారు. కాకినాడలో ఆవిడ దగ్గర సాఫ్ట్‌వేర్ రాయడం నేర్చుకునే వాళ్లందరికీ ఈ అలవాటు తెలుసు. తెలిసీ అడుగుతారు.

ప్రభుదాసు ఒక ఆసుపత్రి కోసం ప్రోగ్రాం రాశాడు. ఎక్స్‌రే బొమ్మలు ఫైళ్లుగా వస్తే వాటిని విప్పి తెరమీద చూపించడం దాని పని. సాయంత్రం అప్పగించాలి. "ఇంకోసారి చూసుకో, బొమ్మలోంచి కూడా దొంగ దూరతాడు" అన్నారావిడ.

"బొమ్మ తాళాలు తీస్తుందా మేడం?" అని నవ్వాడతను.

ఆవిడ ఒక గళ్లకాగితం చేతిలో పెట్టారు. పైన "చిలక, ఎనిమిది వరసలు" అని రాసుంది. "ఉన్నదున్నట్టు వరండా బోర్డుమీదకి దించు."

ఆ తెల్లబోర్డుకి తొమ్మిది వరసల గళ్లు. అడుగు వరస వాచ్‌మన్ దస్తగిరిది. అతనికి చదువు రాదు. గదికో గడి, ఏ గడి నల్లగా నింపి ఉంటే ఆ గది తాళం తీస్తాడు. ఆవేళ అన్నీ ఖాళీ. ఇదంతా ప్రభుదాసు ఎరిగిందే.

అతను బోర్డుమీద పై వరసలు లెక్కపెట్టాడు. ఎనిమిది. కాగితం చెప్పిందీ ఎనిమిదే. ఇంకేం, మొదలుపెట్టాడు. కాగితంలో నిజంగా ఎన్ని ఉన్నాయో మాత్రం చూడలేదు. పెద్దచదువు చదివినవాడికి వేళ్లు మడవడం నామోషీ. ముక్కు వచ్చింది, రెక్క వచ్చింది, చిట్టచివర తోక కొస, మూడో గడి ఒక్కటీ నల్లగా నింపాడు. దూరం జరిగి చూసుకుని మురిశాడు కూడాను.

టీ తాగి వచ్చేసరికి మూడో గది బార్లా తెరిచి ఉంది. అది తాయారమ్మగారి గది. నీళ్లడబ్బా తెచ్చినవాడు బల్లమీది ఎక్స్‌రే కవరు తీరిగ్గా చదువుతున్నాడు. "కుడి ఊపిరితిత్తిలో మచ్చంట. పాపం, ఎవరండీ ఈ తాయారమ్మ?"

ఆ సంగతి అప్పటిదాకా ఒక్కరికీ తెలియదు.

ప్రభుదాసు దస్తగిరి మీద విరుచుకుపడ్డాడు. "ఎవరు తియ్యమన్నారు నిన్ను?"

"బోర్డు తియ్యమంది బాబూ. దాని మాట నేనెప్పుడన్నా దాటానా?"

ప్రభుదాసు బోర్డువైపు తిరిగి, ఈసారి వేలు పెట్టి లెక్కించాడు. చిలకకి తొమ్మిది వరసలు, తోక కొస దస్తగిరి వరసలో పడింది. వెనకాల తాయారమ్మగారు వచ్చి నిలబడ్డారు.

"నేను గీసింది చిలక తోక మేడం" అన్నాడు.

ఆవిడ కవరు అందుకుని చంకలో పెట్టుకున్నారు.

"ఆ గదిలో నాదొక్కటే పెట్టాను. ఆసుపత్రిలో ఎందరివి ఉంటాయి?"