రెండు ఎనిమిది సైజు చెయ్యి

నలభయ్యో గుండు దగ్గరికి వచ్చేసరికి ఉజ్వల మణికట్టు సలపడం మొదలవుతుంది. అక్కణ్నించి గుండ్లు మధ్య చుక్కను వదిలి కుడివైపుకు జరుగుతాయి. పోటీలో కాల్చవలసినవి అరవై. కిందటేడు రాష్ట్ర జట్టులో చోటు అర పాయింటు కూడా లేని తేడాతో పోయింది. ఈసారి ఎంపిక ఆదివారం. జూనియర్ల జట్టుకు ఆమెకు ఇదే ఆఖరి ఏడు.

తప్పంతా పిడిదేనని ఆమె తేల్చుకుంది. ఎయిర్ రైఫిల్‌కి ట్రిగ్గరు వెనకాల, పిస్తోలు పిడిలాగా కిందికి దిగి ఉండేదాన్ని గ్రిప్ అంటారు. మరలు విప్పి మార్చుకోవచ్చు. ఆమె అప్పటికి మూడు మార్చింది. ఒకటి చెక్కది, ఒకటి రబ్బరుది, మూడోది కావలసినంత లావు పెంచుకునేది. మా ఎన్‌సీసీ రోజుల్లో తుపాకీకి ఏ పిడి ఉంటే చెయ్యే దానికి సర్దుకోవలసి వచ్చేది. అదేమీ గొప్ప కాదు. మా వాళ్లలో ఇద్దరు ముగ్గురికి ఇప్పటికీ బొటనవేలు సరిగ్గా వంగదు.

కర్నూల్లో ఆమె సాధన చేసే క్లబ్బు చిన్నది. అక్కడ నేర్పే గనీ సాబ్ సైన్యంలో సుబేదారుగా పనిచేసి వచ్చినవాడు. పిల్లలు ఉస్తాద్ అంటారు.

గురువారం పొద్దున ఉజ్వల మూడు గ్రిప్పులూ ఆయన ముందు బల్లమీద పెట్టింది. క్లబ్బు పెట్టెలో దొరికిన నాలుగోదాన్ని, సన్నటిదాన్ని, పక్కకు తోసేసింది.

"ఏది బిగించుకోమంటారు ఉస్తాద్?"

"అదెందుకు తోసేశావు?"

"అది చిన్నపిల్లలది. నా చెయ్యి పెద్దది ఉస్తాద్. మా అన్న గ్లౌజులు నాకు సరిపోతాయి."

"చెప్పులేసుకో. బజారుకు పోదాం," అన్నాడాయన.

కర్నూల్లో తుపాకుల సామాను అమ్మే కొట్టు ఎక్కడుందా అని ఆలోచిస్తూ ఆమె స్కూటరెక్కింది. ఆయన గాజుల అంగడి ముందు ఆపాడు.

"బీబక్కా, ఈ పాపకు మట్టిగాజులు వెయ్యి. కుడిచేతికే."

"సైజెంత తల్లీ?" అంది అంగట్లో కూర్చున్న ముసలామె.

"రెండు ఎనిమిది. రెండు ఆరు ఎక్కిస్తే పగిలిపోతాయి."

బీబక్క ఆ మాట విననట్టే చెయ్యి అందుకుంది. పూర్వం గాజులమ్మేవాళ్లు మలారమనే గాజుల మూట భుజాన వేసుకుని ఇంటింటికీ వచ్చేవాళ్లు. ఆడవాళ్ల చెయ్యి పట్టుకుని ఊళ్లో కబుర్లన్నీ మొదలుపెట్టేవాళ్లు. అమ్ముకోవడానికి వచ్చి ఇంత వాగుతారెందుకని చిన్నప్పుడు నేను విసుక్కునేవాణ్ని.

"ఈపూట మీ ఇంట్లో ఏం కూర?" అంది బీబక్క.

"బీరకాయ."

"నీకు పడదు కదా?"

"మీకెలా తెలుసు?"

"పేరు చెప్పేటప్పుడే చెయ్యి బిగించేస్తివి. వదులు తల్లీ, వదులు. నీ చెయ్యి నేనేం ఎత్తుకుపోనులే. ముగ్గురు కోడళ్ల చేతులతోనే వేగలేకపోతున్నా."

ఉజ్వలకు ఫక్కున నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగేలోపల బీబక్క వేళ్లన్నీ ఒకచోటికి నొక్కి, బొటనవేలి ఎముకను లోపలికి మడిచి, ఆరు గాజులూ ఎక్కించేసింది. ఒక్కటీ పగల్లేదు.

"ఇవి రెండు ఆరా?"

"రెండు నాలుగు."

ఉజ్వల తన చేతిని తిప్పి తిప్పి చూసుకుంది. పైఊరి కొట్లో గ్రిప్పులు కొన్నప్పుడు ఒక్కోదాన్నీ బలంకొద్దీ పిసికి చూసి తీసుకుంది. పిడికిలి నిండలేదని సన్నవన్నీ వదిలేసింది.

క్లబ్బుకు రాగానే నేరుగా వెళ్లి సన్న గ్రిప్పు చేతిలోకి తీసుకుంది.

"ముందు గాజులు తియ్యి. చప్పుడు చేస్తాయి," అన్నాడు ఉస్తాద్.

ఆమె లాగింది. అవి మెటికల దగ్గర ఆగిపోయాయి. పళ్లు బిగించి ఇంకా గట్టిగా లాగింది. ఒకటి టప్పున విరిగింది.

"అయితే ఇప్పుడే మరలు విప్పొద్దు," అని ఆయన టీ తాగడానికి వెళ్లిపోయాడు.

తిరిగొచ్చేసరికి అయిదు గాజులు పగలకుండా బల్లమీద ఉన్నాయి. సన్న గ్రిప్పు రైఫిల్‌కి బిగించి ఉంది.

ఆదివారం అరవై గుండ్లూ కాల్చి ఉజ్వల బయటికి వచ్చింది. అప్పుడే గోడకు లిస్టు అంటిస్తున్నారు. జనం మూగారు. ఆమె అటు పరుగెత్తబోయింది. ఉస్తాద్ ఆపి, ఆమె కుడిచేతిని భుజం ఎత్తుదాకా లేపి, చటుక్కున వదిలేశాడు.

చెయ్యి ఎక్కడా బిగుసుకోకుండా తడిగుడ్డలా జారి పక్కన పడింది.

"ఇక వెళ్లి చూసుకో," అన్నాడు.