దివాను బావి చుట్టూ వేపాకులు

కొమ్ముదుర్గంలో వాంతిభేది పట్టుకుని ఇంటికొకరు పడిపోతున్న రోజులవి. కుమ్మరివాడలో మాత్రం ఒక్కరికీ రాలేదు. అదే వాళ్ళ నేరమైంది.

"చేతబడి చేసింది వీళ్ళే ప్రభూ. పొద్దుగూకేలోగా ఊరు దాటించండి" అన్నాడు దివాను, నిండు సభలో రాజుతో. ఆ పెద్దమనిషి పేరు నేను చెప్పను, అంత గౌరవం అతనికి దక్కకూడదు.

వాడ తరఫున కుమ్మరి నాంచారమ్మ ముందుకొచ్చింది. సభలో నేలమీద ముగ్గుపిండితో ఊరి వీధులన్నీ గీసి, దివాను చేతికి వేపాకులిచ్చింది.

"జబ్బుపడిన ప్రతి ఇంటి మీదా ఒక ఆకు పెట్టండి దొరా. మా వాడ ఎంత ఖాళీగా ఉందో రాజుగారే చూస్తారు."

దివాను హుషారుగా పెట్టాడు. ఆకులన్నీ అతను కొత్తగా తవ్వించిన బావి చుట్టూ గుమిగూడాయి. ఒక్కటి మాత్రం ఊరి చివర పడింది.

"అదేం దొరా, అంత దూరాన?"

"అది మా వియ్యంకుడి ఇల్లు. నా బావి నీళ్ళు తప్ప ముట్టడు. రోజూ కావడిలో పంపిస్తాను" అన్నాడు గొప్పగా.

రాజు చూపు బావి దగ్గర ఆగింది. "మీ వాడవాళ్ళు ఆ నీళ్ళు తాగరా?"

"తాగనిస్తేగా ప్రభూ. మా మట్టిచేతులు పడితే నీళ్ళు పాడవుతాయని దివానుగారు కాపలా పెట్టారు. మేం వాగులో చెలమ తోడుకుంటాం."

రాజు ఆ బావి నీళ్ళు చెంబుతో తెప్పించి దివాను ముందు పెట్టించాడు. "తాగు. తాగితే వాళ్ళను ఇప్పుడే వెళ్ళగొడతాను."

"ఇవాళ నాకు ఉపవాసం ప్రభూ."

బావి పూడ్చారు. ఊరు మెల్లగా కోలుకుంది. కుమ్మరివాడలో కట్టిన మూటలు విప్పుకుని, హాయిగా పొయ్యిలు రాజేసుకున్నారు. దివాను మాత్రం బతికినన్నాళ్ళూ, ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళ కంటే ముందు ఒక మాట అడిగించుకున్నాడు. "ఇవాళ ఉపవాసమా దొరా?"