రెక్కలో మోచెయ్యి

ప్రశ్న అడిగినవాళ్ళకు జవాబు చెప్పే అలవాటు వరహాలు మాస్టారికి లేదు. ఏదో ఒక పురుగును చేతిలో పెట్టి, చూడమనేవారు. ఆయన దగ్గర కీటకశాస్త్రం చదవడానికొచ్చినవాళ్ళు మొదట్లో విసుక్కునేవారు, తరవాత అలవాటు పడేవారు.

సత్యవేణికి మాత్రం ఆ ఉదయం ఓపిక లేదు. లారీ ప్రమాదంలో ఆమె కుడిచెయ్యి భుజం దాకా పోయింది. పోయిన చెయ్యి పోయి ఊరుకుంటే బాగుండేది. అది మోచేతి దగ్గర మడుచుకుని, డొక్కకు నొక్కుకుని, ఇంకా అక్కడే ఉన్నట్టు రాత్రీ పగలూ సలిపేది. చాపుదామంటే చాపడానికి చెయ్యేదీ? నరాల భ్రమ అన్నారు డాక్టర్లు. నిద్ర లేక పిచ్చెత్తిపోతోంది, చదువు మానేసి ఇంటికి పోతానని చెప్పడానికే వచ్చింది. తీరా వచ్చాక, ఎడమచేత్తో తను గీసిన తూనీగ రెక్క బొమ్మ ఆయన ముందు పరిచి, ఒక ఈనె మీద వేలుంచింది.

"దీని పేరు క్యూబిటస్. లాటిన్‌లో మోచెయ్యి అని. రెక్కలో మోచెయ్యి ఎక్కడుంది మాస్టారూ? లేనిదానికి పేరెందుకు?"

ఆమె అడుగుతున్నది రెక్క గురించి కాదని ఆయన గ్రహించినట్టే ఉంది. "నీ కుడి అరచెయ్యి ఇప్పుడెక్కడుందమ్మా?" అన్నారు.

సిగ్గుపడుతూనే చూపించింది. డొక్క పక్కన, గాలిలో.

మాస్టారు కిటికీలోని నీళ్ళతొట్టిలోంచి ఒక పుల్ల తీసి, దాని కొస సరిగ్గా అక్కడికొచ్చేట్టు బల్ల అంచుకు బిగించారు. నీళ్ళలో పెరిగిన తూనీగ పిల్ల ఆ పుల్లను కరచుకుని ఉంది. ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు. పొద్దెక్కేసరికి దాని వీపు చీలి, లోపలినుంచి తడితడిగా తూనీగ బయటికొచ్చింది. రెక్కలు నలిగిన గుడ్డపీలికల్లా ఉన్నాయి. ఈనెల్లోకి నెత్తురు ఎక్కుతున్నకొద్దీ ముడతలు విప్పుకోసాగాయి. బొమ్మలో తను వేలుంచిన ఈనె కూడా కళ్ళముందే సాగింది. సాగుతున్నంతసేపూ సత్యవేణి డొక్క మీది ఒత్తిడి సడలుతూ వచ్చింది. నెలల తరబడి మడిచి ఉన్న మోచెయ్యి నొప్పినొప్పిగా, మెల్లగా చాచుకుంది. ఆమెకు భయం వేసింది. ఏడుపూ వచ్చింది.

తూనీగ పుల్ల కొస దాటి ముందుకు నడిచింది. అక్కడ పుల్ల లేదు, బల్ల లేదు. రెక్కలు ఆడించకుండానే గాలిలో నిలబడి, తడి ఆరబెట్టుకుంది. అరచేతిలో దాని కాళ్ళ గరుకు సత్యవేణికి తెలుస్తూనే ఉంది. చెయ్యి కదిలితే ఎగిరిపోతుందని ఊపిరి బిగబట్టి కూర్చుంది.

అది ఎగిరిపోయాక, "ఆ పేరు ఎవరు పెట్టారు మాస్టారూ?" అంది.

ఆయన ఖాళీ పుల్లను మళ్ళీ తొట్టిలో గుచ్చి, "తెలియదమ్మా," అన్నారు. "పెట్టినవాడికి ఏ చెయ్యి లేదో."