తనిఖీ నాటి తోటకూర

తంగేడువాగు అడవిలో పిల్లల బడి ఉంది. కుందేళ్లు, దుప్పులు, ఉడతలు పొద్దున పోయి సందెవేళకు ఇల్లు చేరతాయి. మధ్యాహ్నం తిండి బడిలోనే. దానికి ఇంటికో దోసెడు గింజలు ఇవ్వాలి. పది దోసిళ్లలో ఒకటి బడితోట విత్తనానికి పోవాలి, తోటలో పండిన ఆకు పిల్లల కుండలోనే పడాలి. ఇది అడవి పెట్టుకున్న కట్టడి.

వంట పోలమ్మ అనే మేకది. తోట కూడా తనకే ఇమ్మని అడిగితే అడవి సభలో నవ్వని మూతి లేదు. ఆకు కనబడితే ఆగలేనిదానికి తోటా అన్నారు. ఆకు ముట్టని నక్కకు అప్పగించి, పెద్ద తెలివైన పని చేశామనుకున్నారు.

ఏడాది గడిచింది. కుండలోకి ఒక్క కాడ రాలేదు. ఆకు లేక మూడు కుందేలు పిల్లలకు రేచీకటి పట్టుకుంది. సందెవేళ దారి కనబడని కుందేలు ఇల్లు చేరదు. గుడ్లగూబ అందుకోసమే కాచుకుని కూర్చుంటుంది.

తనిఖీ ఏనుగు వచ్చే రోజు రానే వచ్చింది. ఆయన పాదముద్ర వేస్తే తోట ఇంకో మూడేళ్లు నక్కదే.

పొద్దున్నే కట్టెలతో వచ్చిన పోలమ్మ తోట దగ్గర నిలబడిపోయింది. నిన్నటి బీడులో మోకాలెత్తు తోటకూర! మూతితో తాకితే కాడ పుల్లలా ఊగింది. వాగు ఒడ్డున మొలిచినదాన్ని నక్క కొరికి తెచ్చి గుచ్చాడని అర్థమైంది.

"ఏం వదినా, నోరూరుతోందా?" వెనక నుంచి నక్క అన్నాడు. "ఒక్క ఆకు తగ్గినా ఎవరి పొట్టలో ఉందో చెప్పడానికి తనిఖీ అక్కర్లేదు."

నిజమే. ఒక్క మొక్క పీకి చూపించినా దొంగ తనే అవుతుంది. పోలమ్మ వంటపాకలోకి పోయి, పొయ్యిలోంచి రెండు కట్టెలు వెనక్కి లాగింది. పిల్లల కుండలో ముద్ద రుచి చూడకుండా తనిఖీదారు ముద్ర వేయకూడదు. అదీ కట్టడే.

ఏనుగు వచ్చాడు. పచ్చటి వరసలు చూసి చెవులాడించాడు. నక్క అప్పటికే ముద్రకు మెత్తటి బురద పరిచి ఉంచాడు. ముద్ద తెమ్మన్నాడు ఏనుగు. పప్పు ఉడకలేదంది పోలమ్మ. మళ్లీ అడిగితే మళ్లీ అదే మాట. ముద్దదేముంది, ముందు ముద్ర కానిమ్మని నక్క తొందరపెట్టాడు.

"కట్టడి కట్టడే," అని ఏనుగు పోలమ్మ వైపు తిరిగాడు. "పిల్లల్ని ఇంతసేపు మాడ్చావు. రేపటి నుంచి ఈ పొయ్యి దగ్గర నువ్వుండవు."

పాక బయట ఒక కుందేలు పిల్ల ఆకలని మూలుగుతోంది. ఆ మూలుగుకు గుండె పిండినట్టయినా పోలమ్మ కట్టె ముందుకు తోయలేదు. సూర్యుడు నడినెత్తి దాటాడు. తోటలో మొదటి వరస తల వాల్చింది. తర్వాత రెండోది. నక్క పరుగున నీళ్లు చల్లి, ఎండకు సొమ్మసిల్లాయి, సాయంత్రానికి లేస్తాయన్నాడు. ఏనుగు తలూపి, ముద్ద తినగానే ముద్ర వేసేద్దామని బురద వైపు అడుగేశాడు.

అప్పుడు పోలమ్మ కట్టెలన్నీ లోపలికి నెట్టింది.

"ఆగండయ్యగారూ, పప్పు దిగబోతోంది. అందులోకి నాలుగు మొక్కలు వేళ్లతో సహా మీరే పీకివ్వండి. నేను ముట్టుకుంటే మరిది ఊరుకోడు."

"తుంచితే చాలదా? పీకడం దేనికి?" నక్క గొంతు తడబడింది.

"తోటకూర పీకే కదా మరిదీ కడిగేది. తినేవాళ్లకు తెలుస్తుందిలే."

ఏనుగు తొండం చాపాడు. మొక్క వచ్చింది, వేరు రాలేదు. రెండోదీ అంతే. కాడ చివర రెండు వైపులా పంటిగాట్లు.

"ఈ మేకే కొరికింది! వేళ్లన్నీ తినేసింది!" అని అరిచాడు నక్క.

పోలమ్మ ఏనుగు ముందు నోరు తెరిచింది. కింద ముందుపళ్లున్నాయి. పైన ఒట్టి చిగుళ్లే.

"రెండు వైపులా గాట్లు పడడానికి మేకకు పైన ముందుపళ్లెక్కడివి మరిదీ? నువ్వూ ఒకసారి తెరువు."

నక్క నోరు తెరవలేదు. విత్తనపు గింజలేవని ఏనుగు అడిగితే నక్క చూపు కంచె వెనక్కి పోయింది. అక్కడ గింజల ఎర, చుట్టూ అడవికోళ్ల ఈకలు. నక్క పారిపోతూ, తను పరిచిన బురదలోనే జారి పడ్డాడు. ఏనుగు కోసం మెత్తగా చేసిన చోట నక్క ముద్రే పడింది.

ఆ వానాకాలం నుంచి పొయ్యితో పాటు తోటా పోలమ్మదే. నాలుగాకులు తనూ తింటుంది, అందరి ఎదుటే. కుందేలు పిల్లలు సందెవేళ దారి చూసుకుంటూ ఇల్లు చేరుతున్నాయి.

నీతి: పిల్లల తోటను ఆకు ముట్టనివాడికి కాదు, ఆకు సంగతి తెలిసినవాళ్లకు అప్పగించాలి.