పెయ్య ముక్కు ఎత్తు

నగరంలో నాలుగు రోడ్ల సిగ్నల్ పక్కన ఒక పశువుల కొట్టం. అందులో గేదె నల్లమ్మ, మేక సింగారి, బండి లాగి లాగి అరిగిపోయిన ముసలి ఎద్దు వీరన్న ఉండేవాళ్లు. ఎవరు ఎక్కడ పడుకోవాలో ఎద్దుదే తీర్పు.

నల్లమ్మ ఈనింది. తొలిచూలు పెయ్య. ఎన్నడూ గడ్డిపోచ వదలని సింగారి, రోడ్డు వైపున్న తన చోటు బాలింతకి ఇచ్చేసి వెనక వేపచెట్టు కిందికి మారింది. రోడ్డు వైపు చోటంటే కూరగాయల బండ్ల నుంచి క్యాబేజీ ఆకులు రాలిపడే చోటు. "బాలింతవి, నువ్వే తిను వదినా" అంది. నోట్లో చక్కెర, కడుపులో కత్తెర అని పాపం ఆ పిచ్చితల్లికి తెలియలేదు.

వారం తిరక్కుండానే పెయ్యకి దగ్గు పట్టుకుంది. రెండు గుక్కలు తాగి, ఆయాసంతో పొదుగు వదిలేసేది. డొక్కలు ఎగిరెగిరిపడేవి. దిష్టి తగిలిందంది సింగారి. నల్లమ్మ నమ్మింది. బిడ్డ దక్కదేమోనన్న భయంతో రాత్రీపగలూ దాన్ని నాకుతూ నిలబడింది.

ఎద్దు చూసి చూసి మేకని పిలిచాడు. బిడ్డ బెంగతో నల్లమ్మ ముట్టక ఆకులన్నీ వృథా అవుతున్నాయి, మళ్లీ నీ చోటుకి నువ్వు వెళ్లిపో అన్నాడు.

సింగారి కంగారుపడింది. "అక్కడా పెద్దయ్యా? సిగ్నల్ పడితే ఆటోలన్నీ నా మొహం మీదే పొగ ఊదుతాయి. వదినంటే ఎత్తుగా ఉంటుంది, ఆవిడకి తెలీదు."

"మరి పెయ్య ముక్కు ఏ ఎత్తులో ఉందమ్మా?" అన్నాడు వీరన్న.

నల్లమ్మ మెల్లగా మోకాళ్లు వంచి, బిడ్డ ముక్కు పక్కన తన ముక్కు పెట్టింది. ఎర్రలైటు పడింది. గొంతులోకి మంట దిగి కళ్ల వెంట నీళ్లు కారాయి.

"ఇన్నాళ్లూ దీన్నే పీల్చావా తల్లీ" అని ఏడ్చింది.

"నువ్వు ఒక ఊపిరి తీసేలోపు అది రెండు తీస్తుంది" అన్నాడు ఎద్దు. "పొగా రెండింతలే."

తల్లీబిడ్డలు వేపచెట్టు కిందికి చేరారు. దగ్గు ఒక్కరోజులో పోలేదు గానీ, పెయ్య ఆగకుండా కడుపు నిండా తాగింది. రోడ్డు వైపు చోటు మళ్లీ సింగారికే దక్కింది. మూడో రోజుకి గడ్డం మసిబారి, దగ్గుతూ తల దించుకుని వచ్చింది. నల్లమ్మ కాస్త పక్కకి జరిగి చోటిచ్చింది.

నీతి: గాలి మంచిదో కాదో పసిబిడ్డ ఎత్తుకి వంగి చూస్తేనే తెలుస్తుంది.